సీరియల్ పోర్టా, ప్యారలల్ పోర్టా, ఏ భాషలో ప్రోగ్రామ్: హైదరాబాద్ పరిశ్రమలు, ప్రయోగశాలల కోసం ఒక ఎంపిక సలహా

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో ఇవాళ్టికీ పనిచేస్తున్న తూకం యంత్రాలు, టెంపరేచర్ కంట్రోలర్లు, విద్యుత్ మీటర్లు, లేబుల్ ప్రింటర్ల వెనుక వైపు చూస్తే తొమ్మిది పిన్నుల కనెక్టరో, స్క్రూలకు బిగించిన రెండు తీగల జతో, అరుదుగా ఇరవై అయిదు రంధ్రాల పెద్ద కనెక్టరో కనిపిస్తుంది. ఆ యంత్రం చూపే అంకెను కంప్యూటర్‌లోకి తెచ్చుకుని బిల్లు కొట్టుకోవాలని, రికార్డు భద్రపరచుకోవాలని కోరుకునే యజమానులూ, వారికి ప్రోగ్రామ్ రాసిపెట్టే యువ ఇంజినీర్లూ మొట్టమొదట అడిగే ప్రశ్న దాదాపుగా ఒక్కటే: పైథాన్‌లో రాయాలా, సీ షార్ప్‌లో రాయాలా? నా దృష్టిలో అది మూడో ప్రశ్న. అవతలి యంత్రం ఏ పోర్టు ద్వారా, ఏ రూపంలో మాట్లాడుతుందన్నది మొదటిది. ఆ యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య దూరమెంత, జవాబు ఎంత సమయంలో అందాలన్నది రెండోది. ఈ రెండూ తేలితే భాష ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది కనుక ఈ వ్యాసంలో కూడా అదే వరుసను పాటిస్తాను.

రెండు పోర్టుల స్వభావం

సీరియల్ పోర్టు ఒకే తీగ మీద ఒక బిట్ వెనుక ఒక బిట్‌ను పంపుతుంది. ప్యారలల్ పోర్టు ఎనిమిది తీగల మీద ఎనిమిది బిట్లను ఒకేసారి నిలబెడుతుంది. వినగానే రెండోదే వేగవంతమనిపిస్తుంది, ఒకప్పుడు అది నిజం కూడా. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో సీరియల్ పోర్టును నడిపిన 8250 చిప్‌కు ఇచ్చిన క్లాక్ 1.8432 మెగాహెర్ట్జ్, దాన్ని 16తో భాగిస్తే వచ్చే 1,15,200 ఆ సర్క్యూట్‌కు పైహద్దు అయింది, మనం ఇప్పటికీ వాడే బాడ్ రేట్ల (సెకనుకు పంపే బిట్ల వేగాల) పట్టికలో ఆ వింత అంకె నిలిచిపోవడానికి కారణం అదే. ఒక్కో బైట్‌కు స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి పది బిట్లు ఖర్చవుతాయి కనుక ఆ గరిష్ఠ వేగంలోనూ సెకనుకు 11,520 బైట్లకు మించి నడవవు. ప్యారలల్ పోర్టు సాధారణ రీతిలోనే సెకనుకు సుమారు 150 కిలోబైట్లు, 1994 నాటి ఐఈఈఈ 1284 ప్రమాణంలోని ఈపీపీ, ఈసీపీ రీతుల్లో రెండు మెగాబైట్ల దాకా పంపగలిగేది.

అయినా నిలిచింది సీరియలే. ఎనిమిది తీగల మీది సంకేతాలూ ఒకే క్షణంలో అవతలికి చేరాలంటే కేబుల్ పొట్టిగా, మంచిదిగా ఉండాలి. సీరియల్‌కు పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండ్ కలిపి మూడు చాలు. పైగా ఈ రోజుల్లో అమ్ముతున్న ల్యాప్‌టాప్‌లలో ప్యారలల్ పోర్టు ఉండదు, డెస్క్‌టాప్ బోర్డుల్లోనూ అది అరుదైపోయింది.

ప్రోగ్రామ్ రాసేవారి వైపు నుంచి చూస్తే ఈ రెండింటి మధ్య ఇంతకంటే ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. సీరియల్ పోర్టుకు ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవరూ, దానికొక బఫరూ (వచ్చిన బైట్లు తాత్కాలికంగా నిలిచే చోటు) ఉంటాయి. మన ప్రోగ్రామ్ కాస్త ఆలస్యంగా వచ్చి చదివినా బైట్లు వేచి ఉంటాయి. ప్యారలల్ పోర్టును ప్రింటర్ కోసం కాకుండా నేరుగా వాడినప్పుడు అటువంటి రక్షణ ఏదీ లేదు. ఎనిమిది డేటా తీగలు బయటికి, అయిదు స్టేటస్ తీగలు లోపలికి, నాలుగు కంట్రోల్ తీగలు, అంతే. ఏ క్షణంలో ఏ తీగ ఏ స్థితిలో ఉండాలో ప్రోగ్రామే నిర్ణయించాలి, చూసుకోవలసిన క్షణంలో చూడకపోతే ఆ మార్పు పోయినట్టే. పదకొండో పిన్ను మీది బిజీ సంకేతం రిజిస్టర్‌లో (ప్రోగ్రామ్ చదివే పోర్టు గడిలో) తలకిందులుగా కనిపిస్తుందని, కంట్రోల్ తీగల్లో మూడు కూడా అలాగే తలకిందులని ముందే తెలుసుకోకపోతే సర్క్యూట్ సరిగ్గా ఉన్నా ఫలితం తప్పుగా వస్తుంది.

అనుమతుల సమస్య కూడా ఉంది. డాస్, విండోస్ 98 కాలంలో హెక్సాడెసిమల్ 378 అనే చిరునామాకు ఏ ప్రోగ్రామైనా నేరుగా ఒక బైట్ రాసి వెలుగులు వెలిగించగలిగేది. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబ్ మాన్యువళ్లలో చాలా ప్రయోగాలు ఆ నమ్మకం మీదే రాసినవి. విండోస్ ఎన్‌టీ వంశానికి చెందిన ఎక్స్‌పీ మొదలు ఇప్పటి విండోస్ దాకా సాధారణ ప్రోగ్రామ్‌కు ఆ అనుమతి లేదు, మధ్యలో ఇన్‌పౌట్32 వంటి సహాయక డ్రైవర్ ఉండాలి. లైనక్స్‌లో రూట్ అధికారంతో ఐఓపెర్మ్ అనే కాల్ ద్వారా గాని, పీపీడెవ్ డ్రైవర్ ఇచ్చే పార్‌పోర్ట్ పరికరం ద్వారా గాని చేరుకోవచ్చు. రెండో దారి శుభ్రమైనది. కొత్తగా మొదలుపెట్టే పనికి ప్యారలల్ పోర్టును ఎంచుకోవద్దనే నేను చెబుతాను. దాన్ని ఉంచుకోవలసిన సందర్భాలు రెండు ఉన్నాయి, వాటిని తర్వాత చెబుతాను.

దూరాన్ని బట్టి 232, 485

సీరియల్ అని తేలాక, ఏ సీరియల్ అన్నది తేల్చుకోవాలి. 1960లో వెలువడి, 1969లో సీ సవరణతో స్థిరపడిన ఆర్‌ఎస్-232 ప్రమాణంలో ఒకటి అనే బిట్ రుణ వోల్టేజీ, సున్నా అనే బిట్ ధన వోల్టేజీ. పంపేవైపు 5 నుంచి 15 వోల్టుల మధ్య ఉండాలి, అందుకునేవైపు 3 వోల్టులు దాటితే చాలు. మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద ఉండే సీరియల్ పిన్నులు 3.3 లేదా 5 వోల్టులవి, వాటి తర్కం దీనికి తలకిందులు. మధ్యలో మ్యాక్స్232 వంటి చిప్ లేకుండా నేరుగా కలిపితే బోర్డు దెబ్బతినే అవకాశం ఉంది. ఆర్‌ఎస్-232ను 15 మీటర్ల దాకా, రెండే రెండు పరికరాల మధ్య వాడుకోవాలి. తక్కువ వేగంలో అంతకన్నా దూరం నడిచిన సందర్భాలు ఉంటాయి గాని, మోటార్లు తిరిగే షెడ్డులో దాని మీద ఆధారపడకూడదు.

1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాను చదువుతుంది. రెండు తీగల మీదా ఒకేలా పడే విద్యుత్ రొద ఆ తేడాలో చాలావరకు రద్దయిపోతుంది, అందుకే తక్కువ వేగాల్లో అది 1,200 మీటర్ల దాకా పోగలదు, ఒకే జత తీగల మీద 32 సాధారణ పరికరాలను మోయగలదు. లైనుకు రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ప్రతి పరికరం దగ్గరా పెట్టడం, అసలే పెట్టకపోవడం రెండూ తప్పే. ప్యానెల్ బోర్డుల్లోని ఎనర్జీ మీటర్లు, టెంపరేచర్ కంట్రోలర్లు, మోటార్ డ్రైవ్‌లు ఎక్కువగా ఈ లైను మీదే, 1979లో మోడికాన్ సంస్థ రూపొందించిన మోడ్‌బస్ పద్ధతిలో మాట్లాడతాయి.

దీనివల్ల ప్రోగ్రామ్ రూపం కూడా మారుతుంది. ఆర్‌ఎస్-232 మీద రెండు వైపులా ఒకేసారి మాట్లాడవచ్చు, తూకం యంత్రం ఎవరూ అడగకుండానే అంకెలు పంపుతూ ఉండవచ్చు. రెండు తీగల 485 లైను మీద ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగతావారు ఆగాలి. కంప్యూటర్ 1 నుంచి 247 దాకా ఉన్న చిరునామాల్లో ఒకదాన్ని పిలిచి, జవాబు వచ్చేదాకా లేదా గడువు తీరేదాకా ఆగి, ఆ తర్వాతే మరొకదాన్ని పిలవాలి. పంపడం ముగిసిన వెంటనే లైనును వదిలిపెట్టడం కూడా ఎవరో ఒకరు చేయాలి. ఆ పని తానే చేసుకునే ఆటో డైరెక్షన్ కన్వర్టర్లు దొరుకుతున్నప్పుడు ఆర్‌టీఎస్ అనే నియంత్రణ తీగను ప్రోగ్రామ్‌తో ఆడించే మార్గాన్ని ఎంచుకోవడం అనవసర శ్రమ.

కనుక యంత్రం పక్కనే కంప్యూటర్ ఉంటే, యంత్రం ఒక్కటే అయితే 232 చాలు. షెడ్డు ఒక చివర యంత్రం, రెండో చివర ఆఫీసు గది ఉంటే, లేదా రెండు మూడు యంత్రాలను ఒకేసారి చదవాలంటే 485కు మారండి. యంత్రానికి 232 మాత్రమే ఉన్నప్పుడు కూడా 232 నుంచి 485కు మార్చే చిన్న పెట్టెలను రెండు చివర్లా పెట్టి దూరాన్ని దాటవచ్చు. వర్షాకాలపు పిడుగులను, ఒక్కో భవనానికి ఒక్కో ఎర్తింగ్ ఉండే మన షెడ్ల తీరును దృష్టిలో పెట్టుకుంటే, ఒక భవనం నుంచి మరో భవనానికి తీగ వెళ్లే ప్రతి చోటా ఆప్టో ఐసొలేషన్ (విద్యుత్ సంబంధం లేకుండా కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే ఏర్పాటు) ఉన్న కన్వర్టర్‌నే కొనమని గట్టిగా చెబుతాను. దాని మీద పెట్టే అదనపు ఖర్చు ఒక్క కాలిపోయిన ఇండికేటర్ (తూకం అంకెను చూపే పెట్టె) ధరతో పోలిస్తే తక్కువే.

యూఎస్‌బీ కన్వర్టర్ ఎంపిక

ఇప్పటి కంప్యూటర్లలో తొమ్మిది పిన్నుల పోర్టు లేకపోవడంతో అందరూ యూఎస్‌బీ కన్వర్టర్ కొంటున్నారు. కోఠి గుజరాతీ గల్లీలోనూ, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఇవి రకరకాల ధరల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు పైన ఉన్న పేరు కంటే లోపల ఏ చిప్ ఉందో అడగడం ముఖ్యం. ఎఫ్‌టీడీఐ, సిలికాన్ ల్యాబ్స్, ప్రొలిఫిక్, సీహెచ్340 అన్నవి ఎక్కువగా ఎదురయ్యే నాలుగు కుటుంబాలు. మొదటి రెండింటిలో సాధారణంగా ఒక్కో కన్వర్టర్‌కు ఒక్కో ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక దాన్ని ఏ యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టినా విండోస్ అదే కామ్ పోర్టు (విండోస్‌లో సీరియల్ పోర్టుకు ఉండే పేరు) నంబరు ఇస్తుంది. చవకైన సీహెచ్340 కన్వర్టర్లలో ఆ సంఖ్య సాధారణంగా ఉండదు. ఊడ్చేటప్పుడు వైరు ఊడితే, తిరిగి పక్క సాకెట్‌లో పెడితే, కామ్ 3 కాస్తా కామ్ 7 అయిపోయి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ప్రొలిఫిక్, ఎఫ్‌టీడీఐ చిప్‌లకు నకిలీలు మార్కెట్‌లో ఉన్నాయి, డ్రైవర్ కొత్తదైనప్పుడు అవి పనిచేయడం మానేసిన సందర్భాలు చాలామంది ఎరుగుదురు. రోజంతా నడిచే బిల్లింగ్ కౌంటర్‌కు నమ్మకమైన ఎఫ్‌టీడీఐ కన్వర్టర్ మంచిది. కాలేజీ ల్యాబ్‌లో ప్రయోగానికి సీహెచ్340 సరిపోతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నవారికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ సీరియల్ కార్డు ఈ రెండింటికన్నా స్థిరమైన ఎంపిక, ఎందుకంటే అది ఊడదు, నంబరు మారదు.

సమయం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. యూఎస్‌బీ కన్వర్టర్ బైట్లను వచ్చినవి వచ్చినట్టు అందించదు, పోగుచేసి పంపుతుంది. ఎఫ్‌టీడీఐ డ్రైవర్‌లో లేటెన్సీ టైమర్ అనే అమరిక డిఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్లు. మోడ్‌బస్ బైనరీ రూపమైన ఆర్‌టీయూలో ఒక సందేశం ముగిసిందని గుర్తించేది మూడున్నర అక్షరాల మౌనంతో, అంటే 9600 వేగంలో సుమారు 4 మిల్లీసెకన్లతో. పదహారు మిల్లీసెకన్ల గుంపులుగా వచ్చే బైట్లలో నాలుగు మిల్లీసెకన్ల మౌనాన్ని వెతకడం వృథా. ఆ టైమర్‌ను డివైస్ మేనేజర్‌లో తగ్గించవచ్చు. అయినా పొడవును బట్టి, సీఆర్‌సీని (సందేశం చివర వచ్చే, తప్పులు పట్టే సంఖ్యను) బట్టి సందేశాన్ని గుర్తించే ప్రోగ్రామే నమ్మదగినది. ఆ సంగతి కింద చెబుతాను.

ఏ భాష, ఏ లైబ్రరీ

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. సీరియల్ పోర్టుకు సీ భాష వేగం అవసరమని కొందరు నమ్ముతారు. 9600 బాడ్ మీద సెకనుకు వచ్చేవి 960 బైట్లు, ఒక్కో బైట్‌కు దాదాపు ఒక మిల్లీసెకను. ఆ రేటును అందుకోలేని భాష ఇవాళ ఏదీ లేదు. కాబట్టి భాషలను వేగంతో కాకుండా, ఆ ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తుంది, తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు అన్న రెండు అంశాలతో పోల్చడం న్యాయం.

పైథాన్‌లోని పైసీరియల్ లైబ్రరీ నేర్చుకోవడానికి అన్నిటికంటే తేలిక. పోర్టు పేరు, వేగం, టైమౌట్ ఇచ్చి తెరవడం, ఇన్ని బైట్లు చదవమనడం, ఫలానా గుర్తు వచ్చేదాకా చదవమనడం, అంతా నాలుగైదు పంక్తుల్లో ముగుస్తుంది. అదే కోడ్ విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ రాస్ప్‌బెర్రీ పై మీదా పోర్టు పేరు మార్పుతో నడుస్తుంది. మోడ్‌బస్ కోసం పైమోడ్‌బస్, మినిమల్‌మోడ్‌బస్ సిద్ధంగా ఉన్నాయి. ప్రయోగశాలలో బ్యాలెన్స్ నుంచో మీటర్ నుంచో కొలతలు తీసి పట్టికలో పెట్టుకునేవారు వేరే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. దీని బలహీనత కస్టమర్ కంప్యూటర్‌లో బయటపడుతుంది: ఇన్‌స్టాల్ చేసి ఇచ్చే ప్యాకేజీ తయారు చేయడం, విండోస్ రూపంలో ఇంపైన తెరలు అమర్చడం కొంచెం శ్రమతో కూడిన పనులు.

సీ షార్ప్‌లో సీరియల్‌పోర్ట్ క్లాస్ 2005 నాటి డాట్‌నెట్ 2.0 నుంచి ఉంది. కొత్త డాట్‌నెట్ వెర్షన్లలో దాన్ని విడి ప్యాకేజీగా చేర్చుకోవాలి. విండోస్ మీద బిల్లు తెర, డేటాబేస్, ప్రింటర్ అన్నీ కలిసి ఉండే వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) సాఫ్ట్‌వేర్ వంటి వాటికి ఇదే సహజమైన ఎంపిక. అమీర్‌పేటలో డాట్‌నెట్ నేర్చుకున్నవారు ఈ నగరంలో ఎప్పుడూ దొరుకుతారు కనుక, మీరు రాసిన ప్రోగ్రామ్‌ను రేపు మరొకరు అందుకోగలరన్నది కూడా చిన్న లాభమేమీ కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. డేటా రిసీవ్డ్ ఈవెంట్ తెరను నడిపే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరుస) మీద రాదు, వేరే థ్రెడ్ మీద వస్తుంది. అక్కడి నుంచి టెక్స్ట్‌బాక్స్‌ను నేరుగా ముట్టుకోకూడదు. ఇక ఆ క్లాస్ బైట్లను అక్షరాలుగా మార్చేటప్పుడు డిఫాల్ట్‌గా ఆస్కీని (0 నుంచి 127 దాకా మాత్రమే ఉన్న అక్షర సంకేతాలను) వాడుతుంది కనుక, 127 దాటిన ప్రతి బైట్ ప్రశ్నార్థకంగా మారిపోతుంది. మోడ్‌బస్ వంటి బైనరీ సందేశాలను స్ట్రింగ్‌గా చదివినవారికి సీఆర్‌సీ ఎందుకు కలవడం లేదో ఎంతకీ అర్థం కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బైట్లను బైట్లుగానే, బేస్‌స్ట్రీమ్ ద్వారా చదవండి.

సీ, సీ ప్లస్ ప్లస్‌తో నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడటం మూడో దారి. విండోస్‌లో పోర్టును ఫైలులా తెరిచి, డీసీబీ అనే నిర్మాణంలో వేగం, పారిటీ (తప్పు పట్టేందుకు చేర్చే అదనపు బిట్) నింపి, కామ్‌టైమౌట్స్ విడిగా అమర్చాలి; పది, ఆపై నంబరున్న పోర్టులను తెరవాలంటే పేరు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, చుక్క, మరో బ్యాక్‌స్లాష్ చేర్చాలి. లైనక్స్‌లో టెర్మియోస్ ఉంది. అది పుట్టింది మనుషులు టైప్ చేసే టెర్మినళ్ల కోసం, అందుకే సర్దకుండా వదిలేస్తే పంక్తి పూర్తయ్యేదాకా ఏమీ ఇవ్వదు, క్యారేజ్ రిటర్న్‌ను న్యూలైన్‌గా మారుస్తుంది, సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంటే 17, 19 విలువలున్న బైట్లను మింగేస్తుంది. సీఎఫ్‌మేక్‌రా అనే ఒక్క కాల్ ఈ మూడింటినీ ఆపుతుంది. తక్కువ మెమరీ ఉన్న చిన్న లైనక్స్ పెట్టెలో ఏళ్ల తరబడి ఆగకుండా నడవాల్సిన ప్రోగ్రామ్‌కు ఈ శ్రమ తగినదే. ఆఫీసు కంప్యూటర్‌లో బిల్లు కోసం తగదు. క్యూట్ అనే సీ ప్లస్ ప్లస్ టూల్‌కిట్ వాడేవారికి క్యూసీరియల్‌పోర్ట్ మధ్యేమార్గంగా బాగుంటుంది.

జావాలో ఇప్పుడు జేసీరియల్‌కామ్ సరైన ఎంపిక. పాత ఆర్‌ఎక్స్‌టీఎక్స్‌తో కొత్త పని మొదలుపెట్టకండి. 2021లో క్రోమ్ 89తో వచ్చిన వెబ్ సీరియల్ ద్వారా బ్రౌజర్ నుంచే పోర్టు తెరవవచ్చు, కాని సురక్షితమైన పేజీ అయి ఉండాలి, వినియోగదారుడే బటన్ నొక్కి పోర్టు ఎంచుకోవాలి, అన్ని బ్రౌజర్ల మీదా ఆధారపడలేము. పరికరానికి సెట్టింగులు మార్చే పేజీకి అది చక్కగా ఉంటుంది, కౌంటర్ మీద బిల్లింగ్‌కు మాత్రం సూచించను.

విజువల్ బేసిక్ 6లో ఎంఎస్‌కామ్ కంట్రోల్‌తో రాసిన పాత తూకం ప్రోగ్రాములు మన చుట్టుపక్కల ఇంకా నడుస్తున్నాయి. అవి సరిగ్గా పనిచేస్తుంటే తొందరపడి మార్చనక్కర్లేదు. ఆ కంట్రోల్ 16 వరకే పోర్టు నంబర్లను తీసుకుంటుంది కనుక, యూఎస్‌బీ కన్వర్టర్‌కు పెద్ద నంబరు వస్తే డివైస్ మేనేజర్‌లో చిన్న నంబరుకు మార్చుకుంటే సరిపోతుంది.

బైట్ల ప్రవాహం నుంచి సందేశాన్ని విడదీయడం

భాష ఏదైనా ప్రోగ్రామ్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. లైబ్రరీలను పోల్చేవారు కూడా ఈ పనిలో ఏది ఎంత సాయపడుతుందనే చూడాలి. సీరియల్ పోర్టుకు సందేశమనే భావన లేదు. కుళాయిలో వచ్చే నీటి మీద ఎక్కడ ఒక బిందె ముగిసి ఎక్కడ మరో బిందె మొదలైందో గుర్తు ఉండనట్టే, పోర్టులో వచ్చే బైట్ల మీదా గుర్తులుండవు. తూకం యంత్రం 18 అక్షరాల పంక్తిని పంపిందనుకుందాం. మన రీడ్ కాల్‌కు ఒకసారి ఏడు, తర్వాత పదకొండు రావచ్చు, మరోసారి ఒకటిన్నర పంక్తి ఒకేసారి రావచ్చు. మన బల్ల మీద ప్రతిసారీ సరిగ్గా పద్దెనిమిదే వచ్చిందంటే అది ఆనాటి పరిస్థితి మాత్రమే, కస్టమర్ కంప్యూటర్ బిజీగా ఉన్న రోజున అది మారుతుంది.

అందుకని వచ్చిన ప్రతి బైట్‌నూ సొంత బఫర్ చివర చేర్చి, ఆ బఫర్‌లో పూర్తి సందేశం ఉందా అని వెతికి, ఉంటే దాన్ని మాత్రమే తీసి, మిగిలినదాన్ని అలాగే ఉంచే పద్ధతి ఒక్కటే సరైనది. సందేశం ముగింపును గుర్తించే దారులు మూడు. చాలా తూకం యంత్రాలు పంక్తి చివర క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ పంపుతాయి. పైసీరియల్‌లోని రీడ్ అంటిల్, సీ షార్ప్‌లోని రీడ్‌లైన్ దీనికి సరిపోతాయి, కాకపోతే సీ షార్ప్‌లో న్యూలైన్ లక్షణాన్ని యంత్రం మాన్యువల్‌లో ఉన్నట్టు మార్చుకోవాలి. కొన్ని యంత్రాలు మొదట్లో ఎస్‌టీఎక్స్, చివర ఈటీఎక్స్ అనే 2, 3 విలువల బైట్లు పెడతాయి. మూడోది పొడవు తెలిసిన సందేశం. మోడ్‌బస్‌లో రిజిస్టర్లు చదివినప్పుడు జవాబులోని మూడో బైట్ ఎన్ని డేటా బైట్లు రానున్నాయో చెబుతుంది, దానికి 5 కలిపితే మొత్తం పొడవు. ఫంక్షన్ కోడ్‌లో పైబిట్ ఒకటైతే అది లోపాన్ని తెలిపే అయిదు బైట్ల జవాబు. చివరి రెండు బైట్ల సీఆర్‌సీ కలవకపోతే ఆ జవాబును పారేసి మళ్లీ అడగాలి.

వేబ్రిడ్జి విషయంలో మరొక మెట్టు ఉంది. ఇండికేటర్ ఎడతెగకుండా పంపే పంక్తుల్లో లారీ ఇంకా కదులుతున్నప్పటి అంకెలూ ఉంటాయి. తూకం స్థిరపడిందని తెలిపే గుర్తు పంక్తిలో ఉంటే దాన్నే నమ్మాలి. లేకపోతే వరుసగా కొన్ని పంక్తులు ఒకే అంకె చూపేదాకా సేవ్ బటన్‌ను పనిచేయనివ్వకూడదు. రైతు తెచ్చిన ధాన్యం లోడుకు డబ్బు ఆ అంకె మీదే కట్టేటప్పుడు, సగం పంక్తి చదివి 12,340 కిలోలను 2,340 అని రాసుకునే ప్రోగ్రామ్ ఎవరికి నష్టం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. పంక్తి పొడవు, అంకెల స్థానం, కేజీ అన్న ప్రమాణం మూడూ సరిపోతేనే అంగీకరించేలా రాయండి. టైమౌట్ లేని రీడ్‌ను ఎక్కడా వాడకండి. పోర్టు ఊడిపోతే వచ్చే ఎక్సెప్షన్‌ను పట్టుకుని, కొన్ని సెకన్లకోసారి తిరిగి తెరిచే ప్రయత్నం చేసేలా, తెర మీద పాత అంకె మిగిలిపోకుండా చెరిపేసేలా ఉండాలి.

ప్యారలల్ పోర్టును ఉంచుకోవలసిన రెండు సందర్భాలు

మొదటిది పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ప్రింటర్‌కు మాత్రమే అయితే యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అది కంప్యూటర్‌కు తనను తాను యూఎస్‌బీ ప్రింటర్‌గా పరిచయం చేసుకుంటుంది. ప్రోగ్రామ్‌లో పోర్టు చిరునామాకు బైట్లు రాసే పాత కోడ్‌ను తీసేసి, విండోస్ స్పూలర్‌కు (ప్రింటింగ్ వరుసను చూసే భాగానికి) రా పద్ధతిలో, అంటే బైట్లను మార్చకుండా, పంపితే సరి.

రెండోది చిన్న సీఎన్‌సీ యంత్రాలు (కంప్యూటర్ నడిపే కోత, చెక్కుడు యంత్రాలు). మ్యాక్3, లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లు ప్యారలల్ పోర్టు డేటా పిన్నుల నుంచే స్టెప్పర్ మోటార్లకు సెకనుకు వేల పల్సులు పంపుతాయి. ఇక్కడ పైన చెప్పిన యూఎస్‌బీ కేబుల్ ఏమాత్రం పనికిరాదు, దానికి పిన్నులను విడివిడిగా ఆడించే మార్గమే లేదు. మ్యాక్3 ప్యారలల్ డ్రైవర్ 32 బిట్ విండోస్‌కే పరిమితం. లైనక్స్‌సీఎన్‌సీ రియల్‌టైమ్ కెర్నల్ మీద నడుస్తుంది కనుక అసలు పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్‌తో మంచి ఫలితమిస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు వేస్తే చిరునామా 378 కాకుండా వేరేది ఉంటుంది కాబట్టి దాన్ని చూసుకుని అమర్చాలి. పాత డెస్క్‌టాప్ చెడిపోయే స్థితిలో ఉంటే, పల్సుల పనిని ఒక మైక్రోకంట్రోలర్‌కో ఈథర్‌నెట్ మోషన్ కార్డుకో అప్పగించడం నేను మెచ్చే దారి. సాధారణ విండోస్ ప్రోగ్రామ్‌తో మైక్రోసెకన్ల కచ్చితత్వం సాధించాలని ఏ భాషలోనూ ప్రయత్నించవద్దు.

కాలేజీల్లో ప్యారలల్ పోర్టుతో ఎల్‌ఈడీలు వెలిగించే ప్రయోగాన్ని ఇంకా చేయిస్తున్న అధ్యాపకులకు నా విన్నపం: బిట్లు, రిజిస్టర్లు అర్థం చేయించడమే లక్ష్యమైతే యూఎస్‌బీ సీరియల్ ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఆ పాఠాన్ని అంతే బాగా చెబుతుంది, పైగా విద్యార్థి దాన్ని ఇంటికి తీసుకుపోయి సొంత ల్యాప్‌టాప్‌తో మళ్లీ చేసుకోగలడు.

కొన్ని సందర్భాలకు నా ఎంపిక

వేబ్రిడ్జికి: ఆర్‌ఎస్-232, దూరం ఎక్కువైతే ఐసొలేషన్ ఉన్న 485 కన్వర్టర్ జత, విండోస్ మీద సీ షార్ప్. ఫార్మా ప్రయోగశాలలో బ్యాలెన్స్ చదవడానికి: 232, నమ్మకమైన చిప్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్, పైథాన్, అక్కడ ప్రతి కొలతకూ సమయం, బ్యాలెన్స్ సంఖ్య నమోదు కావడం చట్టపరమైన అవసరం కనుక, వచ్చిన ముడి పంక్తిని కూడా మార్చకుండా దాచండి. ఫ్యాక్టరీ ఎనర్జీ మీటర్లకు: 485, మోడ్‌బస్, చిన్న లైనక్స్ పెట్టె, పైథాన్, మీటర్లన్నిటి వేగం, పారిటీ ఒకేలా ఉన్నాయో లేదో బిగించక ముందే చూసుకోండి. లైనక్స్‌లో ప్రోగ్రామ్ నడిపే యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చడం, టీటీవై యూఎస్‌బీ 0 వంటి మారిపోయే పేరు బదులు డెవ్ కింద సీరియల్ డైరెక్టరీలోని బై ఐడీ పేరును వాడటం మరవద్దు. సంఖ్యలేని చవక చిప్‌లు రెండు ఉంటే బై పాత్ పేరు వాడాలి.

యంత్రం చేతిలో లేనప్పుడు పరీక్ష

పటాన్‌చెరులోని యంత్రం కోసం ప్రోగ్రామ్‌ను కూకట్‌పల్లిలో కూర్చుని రాయాల్సి వస్తుంది. విండోస్‌లో కామ్0కామ్, లైనక్స్‌లో సోక్యాట్ రెండు కల్పిత పోర్టులను ఒకదానికొకటి కలిపి ఇస్తాయి. ఒకవైపు మీ ప్రోగ్రామ్, మరోవైపు యంత్రంలా పంక్తులు పంపే చిన్న పైథాన్ స్క్రిప్టు నడపండి. ఆ స్క్రిప్టు పంక్తిని ముక్కలు చేసి, మధ్యలో ఆగి, ఒక్కోసారి చెత్త బైట్ కలిపి పంపేలా రాస్తే, పైన చెప్పిన బఫర్ పద్ధతి నిజంగా నిలబడుతుందో లేదో అక్కడే తేలుతుంది. యంత్రం దగ్గరకు వెళ్లాక ముందుగా కన్వర్టర్ 2, 3 పిన్నులను ఒక చిన్న తీగతో కలిపి, పుట్టీ లేదా టెరాటెర్మ్ వంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లో టైప్ చేసినది తిరిగి వస్తుందో చూడండి. వస్తే కన్వర్టర్, డ్రైవర్ బాగున్నట్టు. ఆ తర్వాత యంత్రాన్ని కలిపితే ఏమీ రాకపోవడం ఎక్కువగా 2, 3 తీగలు తారుమారైనందువల్ల, లేదా అయిదో పిన్ను గ్రౌండ్ కలవనందువల్ల. చెత్త అక్షరాలు రావడం బాడ్ రేటు లేదా పారిటీ తేడా వల్ల. మాన్యువల్ లేని పాత ఇండికేటర్ అయితే 9600, 2400, 4800, 1200 వేగాలను వరుసగా ప్రయత్నించి, పారిటీ లేని ఎనిమిది బిట్లతోనూ, ఈవెన్ పారిటీ ఉన్న ఏడు బిట్లతోనూ చూడండి. సరైన అమరిక దొరికాక ఆ వేగం, పారిటీ, పిన్నుల కలయిక, ఒక నమూనా పంక్తి నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి ఇండికేటర్ వెనుక అతికించి రండి.